పొయ్యికి నంబరు

రోజుకు రెండు వేల ఫ్రాంకులు, మధ్యాహ్నం ఒక ముద్ద.
తీర రక్షణ కార్యాలయం వాళ్ళ ఎర్ర రంగు డబ్బా
నేనే మోస్తాను.
మేడమ్ అయెలె టేపు పరుస్తుంది.
ఒక కొస అల తడిపి వెళ్ళిన చోట,
రెండో కొస ఎవరిదో ఒకరి గుమ్మం దగ్గర.
ముప్పై మీటర్ల లోపు పడితే
నా కుంచె ఆ గోడ మీద ఒక అంకె వేస్తుంది.
అంకె పడిన ఇల్లు లేచిపోవాలి.

దెగ్బెకోపెలో నన్నెరగని గోడ లేదు.
ఈ గోడకే ఉచ్చ పోసి తన్నులు తిన్నాను.
పదిహేడు రాస్తుంటే మా పంతులు కిటికీ మూసుకున్నాడు.
ఇరవై రెండు రాస్తుంటే
లోపల రేడియోలో ఎవరో గోల్ కొట్టారు.

నిన్న టార్పాలిన్ కింద సభ.
పటంలో సముద్రం నీలం, మేము చుక్కలు.
పడమట ఓడరేవుకు గోడ కట్టిన నాటి నుంచి
ఇసుక ఇటు నడిచి రావడం మానేసిందట.
అక్కడ మేట, ఇక్కడ కోత.
ఆ మాట పటం చెప్పక్కర్లేదు.
మా తాత నిలబడి అలివి వల లాగిన చోట
ఇప్పుడు పడవలు లంగరేస్తున్నాయి.

"ప్రణాళికాబద్ధంగా వెనక్కి తగ్గడం" అంది కాగితం, ఫ్రెంచిలో.
దుబాసీ కాసేపు పెదవి కొరుక్కుని
మా భాషలో "అడిగి పారిపోవడం" అన్నాడు.
అందరూ నవ్వారు.
తర్వాత చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

రాళ్ళు పోయమన్నారు కుర్రాళ్ళు.
మేడమ్ అబద్ధమాడలేదు:
"ఇక్కడ రాయి వేస్తే, తూర్పున పక్క ఊరిని తింటుంది."
ఆ పక్క ఊరామె ఒకతె
చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని వెనక నిలబడే ఉంది.
ఆమె వైపు ఎవరూ తల తిప్పలేదు.
నేనూ తిప్పలేదు.

ఈరోజు నలభై ఒకటి. దావి ఎన్యొనామ్ ఇల్లు.
చేపలకు పొగ పట్టే మనిషి.
భుజం తట్టిందంటే
రెండు ఉతుకులైనా ఆ వాసన చొక్కాను వదలదు.
టేపు వంక చూసి అడిగింది:
"ఈ గీత సముద్రానికి చూపించారా?"
మేడమ్ పుస్తకంలో ఆ ప్రశ్నకు గడి లేదు.

"ఇది నా నాలుగో పొయ్యి.
మొదటిది అదిగో, నురగ విరుగుతున్న చోట.
రెండోది దానికి ఇవతల.
మూడోది కొడుకు పుట్టిన ఏడు కట్టాను,
వాడికి మీసం రాకముందే పోయింది.
ప్రతిసారీ నేనే మట్టి తొక్కాను,
నేనే వెనక్కి జరిగాను.
అప్పుడు ఏ కాగితం వచ్చింది?"

ఇంటికి పరిహారం ఉంది.
పైకప్పు ఉంటేనే కట్టడం అని రాసుంది.
పొయ్యికి కప్పు ఆకాశం,
కాబట్టి పొయ్యి లెక్కలోకి రాదు.
కొత్త స్థలం ఉప్పుకయ్య అవతల, నాలుగు కిలోమీటర్లు.
వరసగా గదులు, తాళం కప్పలతో సహా.
అక్కడ గాలి ఎటు వీస్తుందో
ఇంకా ఎవరికీ తెలియదు.

మేడమ్‌కు ఫోను వచ్చింది,
కొబ్బరిచెట్టు చాటుకు వెళ్ళింది.
నేను కుంచె ముంచాను.
పొయ్యి వెచ్చటి పొట్ట మీద నలభై రెండు వేశాను.
వేడికి రంగు చిన్న చిన్న బుడగలు పొంగింది,
రెండు కాలు సాగి కిందికి కారింది.
దావి చూసింది. ఏమీ అనకుండా
ఒక చేపను తిరగేసింది.

మేడమ్ తిరిగొచ్చి
ఆ అంకె ముందు చాలాసేపు నిలబడింది.
నా రెండు వేలు పోయాయనుకున్నాను.
పుస్తకం తెరిచి, కలం మూత పళ్ళతో లాగి,
"నలభై రెండులో
ఎంతమంది?" అని అడిగింది.

దావి చేయి తుడుచుకుని
వేళ్ళు మడవడం మొదలుపెట్టింది.
ఈ పొగ మీద బతికినవాళ్ళు,
అప్పు తీర్చినవాళ్ళు, తీర్చనివాళ్ళు,
బడికి వెళ్ళినవాళ్ళు, పడవతో తిరిగిరానివాళ్ళు.

ఆ సాయంత్రం
మేము ఇంకో ఇంటికి వెళ్ళలేదు.